అడుగున చరించే చేపలు

అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహలను దాటి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. శృంగవరపుకోట ప్రాంతంలో అది మంచినీరు. భీమిలి వద్ద సముద్రపు పోటు వలన అది ఉప్పుటేటి నీరవుతుంది. గాజుతొట్టిలో చేపలను పెంచదలచినవారు మొదట గ్రహించవలసినది ఈ భేదమే.

మంచినీటి చేప శరీరద్రవాలు చుట్టూ ఉన్న నీటికంటే ఉప్పగా ఉంటాయి. అందుచేత నీరు మొప్పల ద్వారా నిరంతరం లోనికి వస్తుంది. మూత్రపిండాలు ఆ అధికజలాన్ని వెలుపలికి పంపుతాయి. సముద్రపు చేప స్థితి ఇందుకు విరుద్ధం. నదీముఖాలలోని చేపలు మాత్రం రెండు విధాలకూ అలవాటుపడతాయి. దక్షిణ అమెరికా మంచినీటి చేపయైన కోరిడోరాస్‌కు అంతటి ఓర్పు లేదు.

లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. స్వల్పంగా ఉప్పనైన తొట్టికి లీటరుకు 3 నుండి 7 గ్రాములు చాలు. ఇందుకు వంట ఉప్పు గాక, చేపల తొట్ల కోసం తయారైన సముద్రలవణం వాడాలి. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది గనుక, తగ్గిన మేరకు మంచినీటినే పోయాలి.

మన నదులలోని ఇసుకదొందు ఉప్పుకు ఓర్చుకుంటుంది. కాని అడుగుకు మించి పెరిగి చిన్నచేపలను మింగుతుంది. వెండి మేనిపై నల్లచుక్కలుగల నైట్ గోబీ సుమారు 9 సెంటీమీటర్లే పెరుగుతుంది; చిన్న తొట్టికి అదే తగినది. పసుపు, నలుపు పట్టీల బంబుల్‌బీ గోబీ ఇంకా చిన్నది. సజీవాహారాన్నే ఎక్కువగా ఇష్టపడుతుంది. ఈ చేపలకు మెత్తని ఇసుక, దాగుకొనుటకు రాతిసందులు కావాలి.

అడుగు శుభ్రపరుస్తుందని కొని తెచ్చే సక్కర్ చేప విషయంలో జాగ్రత్త అవసరం. తొట్టిలో పట్టనంతగా పెరిగిన దానిని కొందరు చెరువులలో విడిచారు. నేడది ఆంధ్రదేశపు జలాశయాలలో వ్యాపించి, మత్స్యకారుల వలలను చింపుతున్నది. తొట్టిలోని చేపను నదిలో విడవడం దయ కాదు; నదికి కీడు. చేప అందాన్ని చూచి నీటిని మార్చరాదు; నీటిని తెలిసికొని చేపను ఎన్నుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు
పోటు : సముద్రపు నీరు పొంగి ఒడ్డుకు రావడం
ఉప్పుటేరు : సముద్రజలం కలిసే ఏరు
మేను : శరీరం
కీడు : హాని

ప్రశ్నలు
1. మంచినీటి చేపకు, సముద్రపు చేపకు గల భేదాన్ని వివరించండి.
2. ఆవిరైన నీటికి బదులు మంచినీటినే ఎందుకు పోయాలి?
3. తొట్టి చేపలను నదులలో ఎందుకు విడువరాదు?