మోకాళ్ల వంకరకు ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: మా బాబుకు ఏడాదిన్నర. రెండు కాళ్లూ విల్లులా వంగి ఉన్నాయి. గుడ్డతో బిగించి కట్టమంటున్నారు మా అత్తగారు.
– ఒక తల్లి, గిద్దలూరు

జవాబు: కట్టొద్దమ్మా. రెండేళ్లలోపు దొడ్డికాళ్లు సహజమే. మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి తిరిగి, ఏడేళ్లకల్లా చక్కబడతాయి. ఒక్క కాలే వంగినా, రెండేళ్లు దాటాక వంపు పెరుగుతున్నా ఎముకల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. నడిస్తే మోకాళ్లు రాసుకుంటున్నాయి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. మొదటినుంచీ బోరు నీళ్లే, కాచి తాగిస్తున్నాం. ఎదిగాక అదే సర్దుకుంటుందా?
– ఒక తండ్రి, మార్కాపురం దగ్గరి పల్లె

జవాబు: ఈ వయసులో దానంతటదే సర్దుకుంటుందని ఆశపడొద్దు. కాళ్లకన్నా పళ్ల సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పళ్లు చిగుళ్లలో తయారవుతున్నప్పుడే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే అలాంటి మచ్చలు పడతాయి. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును 1937లో డాక్టర్ షార్ట్ బృందం మొదట వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. మీ దగ్గరి పొదిలి, కనిగిరి ఆనాడు ఆ జిల్లావే. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ ఫ్లోరైడ్ పల్లెల్లో మీ పాపలాగే మోకాళ్లు లోపలికి వంగిన పిల్లల గురించి రాశారు. ఇన్నేళ్ల తర్వాతా మనం మందు అడుగుతున్నాం గానీ నీళ్లు పరీక్ష చేయించడం లేదు!

కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. సీసాలో బోరు నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చూపించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడైనా 1.5 మించకూడదు. అంతకన్నా ఎక్కువుంటే తాగడానికే కాదు, అన్నం కూరలకూ ఆర్వో నీళ్లే వాడండి. బడిలో ఏ నీళ్లు తాగుతోందో కూడా కనుక్కోండి. పాలు, రాగులు, నువ్వులు పెట్టండి. కాల్షియం తక్కువైన ఒంటి మీద ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ.

నీళ్లు మార్చినంత మాత్రాన వచ్చిన వంకర పోదు. నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించండి. ఎముక ఇంకా ఎదుగుతుండగానే చిన్న ప్లేటు వేసి కాలిని మెల్లగా తిన్నగా చేయొచ్చు. ఎదుగుదల ఆగిపోతే ఎముక కోసి సరిచేయాల్సి వస్తుంది. ఈ నెలలోనే తీసుకెళ్లండి.

ప్రశ్న: అమ్మాయికి 19. దొడ్డికాళ్లని సంబంధాలు తప్పిపోతున్నాయి. ఆపరేషన్ చేయించాలా?
– కంభం

జవాబు: నొప్పి ఉందా, మోకాలు అరుగుతోందా అని చూసి డాక్టరు చెబితే చేయించండి, పెళ్లికొడుకు కోసం ఎముక కోయించొద్దు.