తరగతి గదిలో కెమెరా: ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు బళ్ల నుంచీ కాలేజీల నుంచీ వచ్చాయి. సినిమాల్లో అవకాశాల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది కోనసీమలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ‘మన చుట్టూ ఉన్న వృత్తులు’ అని వీడియో ప్రాజెక్టు ఇచ్చాను. ఒక జట్టు ఆత్రేయపురం వెళ్లి పూతరేకుల మీద తీసుకొచ్చింది. వీడియో పొడవునా ఒకావిడ కుర్చీలో కూర్చుని మాట్లాడుతూనే ఉంది. రేకు తీయడం రెప్పపాటు కనిపించి పోయింది. ఎంతో ఉత్సాహంగా చేసుకొచ్చారు. బాగాలేదని చెప్పడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? (ఒక ఉపాధ్యాయిని)

జవాబు: మీరేమీ చెప్పనక్కర్లేదు మేడం. శబ్దం పూర్తిగా తగ్గించేసి ఆ వీడియోను తరగతి మొత్తానికీ వేసి చూపించండి. తర్వాత మిగతా జట్లను అడగండి: పూతరేకు ఎలా తయారవుతుందో ఇప్పుడు మీరు చూసిందాన్ని బట్టి చెప్పండి అని. ఎవరూ చెప్పలేరు. కుండ బోర్లించి ఉందా, నిలబెట్టి ఉందా? పిండి గరిటెతో పోశారా, గుడ్డతో రాశారా? రేకు ఎండబెట్టారా, వేడి మీదే ఊడదీశారా? ఈ సందేహాలన్నీ వీడియో తీసిన జట్టు చేతే నోట్ పుస్తకంలో రాయించండి. మళ్లీ ఆత్రేయపురం వెళ్లేటప్పుడు వాళ్లు పట్టుకెళ్లాల్సిన షాట్ల జాబితా అదే. తప్పు పట్టింది టీచరు కాదు, పక్క బెంచీ స్నేహితుడికి అర్థం కాలేదు, అంతే. ఈ వయసు పిల్లలకు టీచరు మందలింపు కన్నా అదే గట్టిగా తగులుతుంది.

ఇక రెండోసారి ఎలా తీయాలి. విలేకరులకు, కొత్తగా వీడియో నేర్చుకునేవాళ్లకు చెప్పే ఐదు షాట్ల పద్ధతి ఒకటుంది. మొదట చేతులు, దగ్గర నుంచి. తర్వాత ఆ చేతులు ఎవరివో ఆ ముఖం. మూడోది మనిషీ పనీ చోటూ కలిసి కనిపించేలా దూరం నుంచి. నాలుగోది ఆమె భుజం మీదుగా, అంటే ఆమె కంటికి ఏం కనిపిస్తోందో అది. ఐదోది పిల్లల ఇష్టం. పొయ్యిలో మంట తీస్తారో, గుమ్మంలో కూర్చున్న పిల్లిని తీస్తారో వాళ్లకే వదిలేయండి. ప్రతి షాటూ పది సెకన్లు, ఫోను కదపకుండా. జూమ్ ముట్టుకోకూడదు, దగ్గరగా కావాలంటే నడిచి దగ్గరికెళ్లాలి.

చేతివృత్తులు ఈ పాఠానికి చక్కగా సరిపోవడానికి కారణముంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచడం, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగడం, క్షణంలో రేకు పైకి లేవడం, దాన్ని ఒడుపుగా తీయడం. ఆవిడ ఇదే పని రోజంతా చేస్తూనే ఉంటుంది. ‘మా కోసం మళ్లీ ఒకసారి చేయండి’ అని అడగాల్సిన పనిలేదు. ఒక రేకుకు చేతులు తీసుకోవచ్చు, ఇంకో రేకుకు ముఖం, మరో రేకుకు భుజం మీద నుంచి. తర్వాత వాటిని ఒకదాని పక్కన ఒకటి అతికిస్తే ఒకే రేకు పుట్టినట్టు కనిపిస్తుంది. పిల్లలు తమ చేత్తో అలా అతికించి చూసుకున్న రోజున ఎడిటింగ్ అంటే ఏమిటో మీరు మళ్లీ వివరించక్కర్లేదు.

ఆ కుర్చీ ఇంటర్వ్యూను పారేయకండి. గొంతు ఉంచి బొమ్మ మార్చమనండి. అది పనికొచ్చే చోట వాడి, మొత్తం నిడివి రెండు నిమిషాలు దాటకుండా చూడమనండి. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి చెప్పాలనుకుంటే ఒక్క వాక్యం చాలు, మిగతా సమయమంతా కుండకే ఇవ్వాలి.

నిడివి విషయంలో కాస్త కఠినంగా ఉండండి. మాస్కోలో 1919లో సినిమా బడి పెట్టిన కొత్తలో ముడి ఫిలిం దొరికేది కాదు. లెవ్ కులెషోవ్ అనే యువ ఉపాధ్యాయుడు కెమెరాలో ఫిలిం లేకుండానే తన విద్యార్థుల చేత సన్నివేశాలు కట్టించి, ఏ షాట్ తర్వాత ఏది రావాలో సాధన చేయించాడు. షాట్లను పక్కపక్కన పెడితే పుట్టే అర్థం గురించి ఈనాటికీ అతని పేరే చెప్పుకుంటాం. మన పిల్లల ఇబ్బంది సరిగ్గా దీనికి ఎదురు. ఫోన్‌లో చోటుకు కొదవలేదు కాబట్టి ఆలోచించకుండా తీసేస్తారు. అందుకే తర్వాతి ప్రాజెక్టుకు మీరే కరువు కల్పించండి: మొత్తం పన్నెండు షాట్లే, తీసిన వరుసలోనే చూపించాలి, ఎడిటింగ్ లేదు. అప్పుడు ఫోను పైకెత్తే ముందు ఎంతసేపు మాట్లాడుకుంటారో చూడండి.

ప్రశ్న: వరంగల్‌లో డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెప్తాను. ప్రతి వీడియో ప్రాజెక్టు చివర విద్యార్థులు ‘స్వీయ సమీక్ష’ ఒక పేజీ రాయాలి. అందరిదీ ఒకటే పాట: ఎన్నో కొత్త విషయాలు నేర్చుకున్నాం, జట్టుగా పనిచేయడం తెలిసింది, సహకరించిన అధ్యాపకులకు కృతజ్ఞతలు. ఈ మధ్య చాట్‌జీపీటీ వచ్చాక భాష బాగుపడింది, విషయం ఇంకా పల్చబడింది. సమీక్ష ఎత్తేద్దామా? (ఒక అధ్యాపకుడు)

జవాబు: ఎత్తేయకండి సార్, చోటు మార్చండి. పని అయిపోయి, మార్కులు దాదాపు ఖాయమై, ఇంటికెళ్లే బస్సు టైమయ్యాక ‘ఏం నేర్చుకున్నారు’ అని అడిగితే ఎవరైనా వందన సమర్పణే రాస్తారు. పెళ్లి భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నవాణ్ణి పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే బాగుందనే కదా అంటాడు.

రఫ్ కట్, అంటే షాట్లను తొలిసారి వరుసగా పేర్చిన చిత్తు రూపం, సిద్ధమైన రోజున అడగండి, ఇంకా మార్చడానికి వీలుండగానే. వీడియో ఎవరికీ చూపించక ముందు ప్రతి విద్యార్థీ ఒక చీటీ మీద రెండు సంగతులు రాయాలి: ఏ నిమిషం ఏ సెకను దగ్గర చూసేవాళ్లకు విసుగొస్తుంది, ఎక్కడ అర్థం కాదు. చీటీ మడిచి మీకిచ్చేయాలి. తర్వాత ఆ వీడియోను తరగతికి సంబంధం లేనివాళ్లకు చూపించండి. ఆఫీసు అటెండరు, క్యాంటీన్‌లో పిల్లలు, పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు, ఎవరైనా సరే. విద్యార్థులు తెర వైపు కాక చూసేవాళ్ల ముఖాల వైపు చూడాలి. ఎక్కడ జేబులోంచి ఫోను తీశారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ పక్కవాణ్ణి ‘ఏమన్నాడు?’ అని అడిగారు. అప్పుడు చీటీ విప్పి పోల్చుకోవాలి. రాయాల్సిందంతా ఆ తేడాలోనే ఉంటుంది, దాన్ని బయటి నుంచి ఎవరూ రాసిపెట్టలేరు.

ఇంకో పని చేయించండి. ప్రతి ఒక్కరూ తమకు బాగా నచ్చీ వీడియోలోంచి తీసేసిన షాట్ ఒకటి తెచ్చి చూపించి, ఎందుకు తీసేశారో ఒక నిమిషం చెప్పాలి. ఏ కృత్రిమ మేధా ఆ వదిలేసిన షాట్‌ను చూడలేదు, ఆ ఎండలో నిలబడలేదు. అసలు తీసేసిన షాటే లేదన్నవాడు ఎడిట్ చేయలేదు, అతికించాడంతే. వాడితో విడిగా కూర్చోవాలి.

రాతే కావాలన్న పట్టుదల కూడా మీకు వద్దంటాను. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి పంపమనండి. కాగితం మీద పెన్ను పెట్టగానే మన పిల్లలు ‘తద్వారా’, ‘ఎంతగానో దోహదపడింది’ లాంటి మాటల్లోకి వెళ్లిపోతారు. అదే నోటితో అడిగితే ‘గా షాట్ ఎందుకు పెట్టిన్నో నాకే తెల్వది సార్, మంచిగ కొట్టిందని పెట్టిన’ అంటాడు. మీకు కావాల్సిన సమీక్ష అదే, అక్కడి నుంచి మాట కదులుతుంది.

అమెరికాలో డొనాల్డ్ షోన్ 1983లో ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్’ అనే పుస్తకం రాశాడు. మీ బీఈడీ మిత్రులు ఈ పేరు విని ఉంటారు. పని అయ్యాక ఆలోచించడం వేరు, పని చేస్తుండగానే చేతిలో పనితో ఆలోచించడం వేరు అన్నాడాయన. అందులో నాకు నచ్చే ఘట్టం ఒకటుంది. భవనాల డిజైన్ నేర్పే ఉపాధ్యాయుడు విద్యార్థిని గీసిన నక్షా మీద కాగితం పరిచి, మాట్లాడుతూ తానూ గీస్తూ పోతాడు. మన తరగతిలో ఆ నక్షా స్థానంలో ఉన్నది ఎడిటింగ్‌లో షాట్లు పేర్చే టైమ్‌లైన్. నెలకు ముప్పై పేజీల సమీక్షలు దిద్దే సమయంలో ఒక్కో జట్టు పక్కన పావుగంట కూర్చుని ‘ఈ కట్ నాలుగు ఫ్రేములు ముందుకు జరిపితే ఏమవుతుంది, జరిపి చూడు’ అనండి. ఎవరికి ఎక్కువ లాభమో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. చేసిన తప్పులు ఒప్పుకున్నందుకు మార్కులివ్వకండి. ఇస్తే వచ్చే సెమిస్టరుకు లేని తప్పులు కూడా పుట్టిస్తారు. రెండో ప్రాజెక్టు ప్రతిపాదనలో మొదటి వాక్యం, మొదటి ప్రాజెక్టులో తేలిన ఏ లోపం మీద ఈసారి పనిచేస్తారో అదై ఉండాలని షరతు పెట్టండి. మార్కు ఆ పనికి.

ప్రశ్న: విజయవాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా జట్టులో ఆరుగురం. ల్యాప్‌టాప్ నాకే ఉందని ఎడిటింగ్ మొత్తం నా మీద పడింది. కెమెరా మాత్రం ముగ్గురు అబ్బాయిలు ఒక్కసారీ వదల్లేదు. మార్కులు అందరికీ సమానం. సార్‌కు చెబితే చాడీలు చెప్పినట్టవుతుందా? (ఒక విద్యార్థిని)

జవాబు: కాదమ్మా. చెప్పు, కానీ మార్కుల గురించి కాదు, నీకు కెమెరా నేర్చుకునే అవకాశం రాలేదని చెప్పు. అది ఫిర్యాదు కాదు, ఫీజు కట్టిన విద్యార్థి అడగాల్సిన మాట.

ఈ జవాబు నిజానికి మీ సార్‌కు రాస్తున్నాను. ‘మీలో మీరు పంచుకోండి’ అని వదిలేస్తే ఎప్పుడూ ఇలాగే పంచుకుంటారు: ఎవరికి ఏది ముందే వస్తే వాళ్లకు అది, ఎవరిది ల్యాప్‌టాప్ అయితే వాళ్లకు రాత్రి జాగరణ, ఆడపిల్లలకు యాంకరింగ్. ప్రాజెక్టు మారితే పని మారాలన్నది నియమంగా ఉండాలి. కెమెరా పట్టినవాళ్లు తర్వాతి దాంట్లో సౌండు చూడాలి, ఎడిట్ చేసినవాళ్లు కెమెరా పట్టాలి. ఎడిటింగ్ కాలేజీ ల్యాబ్‌లోనే జరగాలి. కెడెన్‌లైవ్, షాట్‌కట్ ఉచితంగా దొరుకుతాయి, వీడియో మీద తమ ముద్ర కూడా వేయవు. ఏ రోజు ఎవరు ఏ పని చేశారో ఒక పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి.

నువ్వు ఈలోపు చేయగలిగింది ఒకటుంది. వచ్చేసారి నీ ల్యాప్‌టాప్ ముందు ఇంకొకర్ని కూర్చోబెట్టి మౌస్ వాళ్ల చేతికిచ్చి, నువ్వు పక్కన కూర్చో. రెట్టింపు సమయం పడుతుంది. పట్టనీ.

ప్రశ్న: వార్షికోత్సవంలో పిల్లల వీడియోలు వేయాలనుకుంటున్నాం. వెనక సినిమా పాటలు పెట్టారు. ఇబ్బందేమైనా ఉంటుందా? తర్వాత యూట్యూబ్‌లో కూడా పెడతాం. (ఒక ప్రధానోపాధ్యాయుడు)

జవాబు: ఆ రెండూ వేర్వేరు సంగతులండీ. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చదువు పనులకు కొంత వెసులుబాటు ఇస్తుంది. బడి కార్యక్రమంలో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు మాత్రమే చూసేటప్పుడు పాట వినిపించడం ఆ పరిధిలోకి వస్తుంది. యూట్యూబ్ ఆ పరిధిలోది కాదు. పాట హక్కులున్న కంపెనీ క్లెయిమ్ పెట్టవచ్చు, శబ్దం తీసేయవచ్చు, వీడియో ఆగిపోవచ్చు. మీ సంగీతం మాస్టారి హార్మోనియమో, పిల్లలు డప్పు మీద వేసిన దరువో రికార్డు చేసి వాడుకోండి. ఎటూ సినిమా పాట పెడితే జనం వీడియో చూడరు, పాట వింటారు.

పాట కన్నా పెద్ద విషయం మీరు అడగలేదు. తెరమీద కనిపించేది పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వాళ్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చట్టం మాట అటుంచి, ఇంటర్నెట్‌లో పెట్టే ముందు అమ్మానాన్నలకు వీడియో చూపించి, తెలుగులో రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. పిల్లను కూడా అడగండి. వద్దంటే ఆ షాట్ తీసేయండి, కారణం అడగకండి.

ప్రశ్న: తరగతి గదిలో ఫోన్‌తో తీస్తే తెరమీద చారలు పాకుతున్నాయి. మాటలు కూడా సరిగా వినపడవు. మంచి కెమెరా కొనాలా? (అనంతపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: వద్దు. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది, దాంతో పాత ట్యూబ్‌లైటు సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. మన కంటికి తెలియదు, ఫోనుకు తెలుస్తుంది. ఫోన్ వీడియోలో ప్రో మోడ్ ఉంటే షట్టరు 1/50 లేదా 1/100కు పెట్టండి. లేకపోతే లైట్లు ఆర్పేసి మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, వెలుగు ముఖం మీద పడాలి.

మాటలకు ఇంకో ఫోను వాడండి. రికార్డరు ఆన్ చేసి, మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో పెట్టండి. షాట్ మొదట్లో కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టిస్తే ఎడిటింగ్‌లో రెండిటినీ ఆ చప్పుడు దగ్గర కలపొచ్చు. ఫ్యాన్ ఆపేయండి. అనంతపురం ఎండల్లో అది కష్టమే, అందుకని షూటింగ్ మొదటి పీరియడ్‌లోనే పెట్టుకోండి.