శనగ విత్తే ముందు రేగడికో గ్లాసు పరీక్ష

జమ్మలమడుగు, పెద్దముడియం, ముద్దనూరు వైపు నల్లరేగళ్లలో బుడ్డశనగ విత్తే రోజులివి. వాన మొహం చాటేస్తే కోత దాకా పైరును మోసేది ఇప్పుడు నేలలో ఉన్న పదునే. కాబట్టి ఏ రకం విత్తనం వేయాలన్న మాట కంటే ముందు మీ నేలలోని బంక సంగతి చూడండి.

బంకమట్టి రేణువు మిల్లీమీటరులో ఐదు వందల వంతు కంటే చిన్నది. రేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజమైతే ఇంకా పలుచని రేకులుగా ఉంటుంది. ఆ రేకులన్నీ విడదీసి రెండు వైపులా కొలిస్తే ఆరు గ్రాముల ఖనిజానికే ఎకరా దాటిన వైశాల్యం వస్తుంది. నీరు చేరేది ఈ రేకుల మధ్యకే. అందుకే మన రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విచ్చుతుంది.

రేకులకు రుణావేశం ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రెట్టింపు ధనావేశం ఉన్న కాల్షియం నడుమ చేరితే దగ్గరపడి గుత్తులవుతాయి. మట్టి గుల్లబారి నీరు దిగుతుంది. సోడియం చేరిందా, పట్టు సడలి రేకులు దేనికది విడిపోతాయి, సందులు పూడుకుంటాయి. వాన పడితే నీరు దిగక పైనే నిలుస్తుంది, ఆరితే పెచ్చు కడుతుంది. చౌడు నష్టం చాలావరకు ఇదే. లవణంలోని ధనావేశం ఎంత ఎక్కువైతే అంత తక్కువ లవణంతో రేణువులు గుమిగూడతాయని 1882లోనే షుల్జ్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించాడు. బురద నీళ్లలో చిటికెడు పటిక వేస్తే తేరుకోవడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

మీ నేల ఎటువైపు ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చేలో నాలుగు చోట్ల నుంచి పెసరగింజంత ఎండుగడ్డలు తెచ్చి, వాననీళ్లు పోసిన గాజు గ్లాసుల్లో మెల్లగా వదలండి. కలపొద్దు, కదపొద్దు. మరునాటికి గడ్డ చుట్టూ బురద మబ్బు కమ్మితే సోడియం ముదిరినట్టే. గడ్డ ఉత్తినే పొడిపొడిగా విరిగి నీరు తేటగా ఉంటే భయం లేదు. బోరు నీళ్లతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఆ నీటిలోని ఉప్పు రేకులను చెదరనివ్వదు, జబ్బు కనబడదు. బోరు కింద బాగానే ఉన్న చేను పెద్దవాన తర్వాత బిగుసుకుపోయేది కూడా ఇందుకే.

మబ్బు కనబడితే మట్టిని పరీక్షకు పంపి, కాల్షియం అందించే జిప్సం ఎకరాకు ఎంత కావాలో రాయించుకోండి. పక్క రైతు మోతాదు మీ చేనుకు పనికిరాదు. లీటరు నీటిలో కరిగే జిప్సం రెండు గ్రాములకు కాస్త పైన, అంతే. ఎకరాకు వేసిన టన్ను కరగాలంటే చేనంతా పది సెంటీమీటర్లకు పైగా నీరు కావాలి. ఇప్పుడు శనగ సాళ్లలో చల్లితే డబ్బు దండుగ. వేసవి దుక్కి తర్వాత చల్లి, గట్లు సరిచేసి, తొలకరి నీటిని చేలో ఇంకించండి. విడిపడిన సోడియం కిందికి కొట్టుకుపోయే దారి లేకపోతే పని సగమే.

‘మా నేలలో సున్నపు గులకలు బోలెడు, మళ్లీ కాల్షియం ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ ఉదజని సూచిక 8.5 దాటిన నేలలో సున్నం దాదాపు కరగదు. కరగని కాల్షియం రేకుల దగ్గరికి చేరలేదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట కుళ్లేటప్పుడు వెలువడే ఆమ్లాలు దాన్ని కొంత కరిగిస్తాయి. జిప్సంతో పాటు అవీ వేయండి.

తడి రేగడిలో ట్రాక్టరు దించొద్దు. చక్రాల కింద గుత్తులు నలిగి మట్టి మెత్తుకుపోతుంది. పిడికిట్లో నొక్కిన ముద్ద వేలితో తాకగానే విరిగితే అప్పుడు విత్తండి. మొలిచాక సాళ్ల మధ్య గుంటక తోలితే నెర్రెలు పూడి పదును నిలుస్తుంది.

పచ్చపురుగుకు వేపనూనె కొట్టేవారికి ఒక మాట. నూనె నీటిలో కలిసేది సబ్బు వల్లే. నేలకు మేలు చేసే కాల్షియమే గట్టి బోరు నీటిలో సబ్బును విరిచి తెట్టు కట్టిస్తుంది. ముందు చిన్న సీసాలో కలిపి కాసేపు ఉంచండి. నూనె పైకి తేలితే ఆ నీళ్లు వద్దు, నిల్వ చేసిన వాననీటితో కలపండి.