తోముట – గాలించుట

ఆంగ్లభాషలో 'స్కౌర్' అను క్రియ కలదు. నిఘంటువు తెరచినచో దానికి 'గట్టిగా రుద్ది తోముట' అనియు, 'ఒక ప్రదేశమునంతయు గాలించుట' అనియు రెండర్థములు కనబడును. వీనిలో దేనిని గ్రహింపవలెను?

నూజివీడు ప్రాంతమున వేసవిలో మామిడితోటలు కళకళలాడుచుండును. ఒక యింట తల్లి ఇత్తడి గంగాళమును చింతపండుతో తోముచున్నది. ఇది మొదటి 'స్కౌర్'. అదే సమయమున పిల్లలు తప్పిపోయిన దూడకై రసాల చెట్ల నడుమ, కంచెల వెంట మూలమూలలు చూచుచున్నారు. ఇది రెండవ 'స్కౌర్'. మొదటి యర్థమే నేర్చిన విద్యార్థి 'పిల్లలు తోటను తోమిరి' అని తెనిగించినచో వినువారు నవ్వుదురు. అంతేకాదు, దూడ తప్పిపోయిన సంగతియే వారికి తెలియకపోవును.

ఈ చిక్కు తీరుటకు కర్మపదమును చూడవలెను. పాత్రగాని, నేలగాని కర్మమైనచో సాధారణముగ తోముట. తోట, కొండ, ఊరు కర్మమైనచో గాలించుట. వెదకబడు వస్తువునకు ముందు ఆంగ్లమున 'ఫర్' అను మాట చేరును. తెలుగునందును ఇట్లే తోటను గాలింతుము, దూడను వెదకుదుము.

ఆంగ్ల నిఘంటుకారులు వీనిని రెండు వేర్వేరు పదములుగ నెంచుదురు. తోముట యను అర్థము గలది లాటిన్ మూలమునుండి వచ్చినది. రెండవది స్కాండినేవియా భాషలనుండి వచ్చియుండునని తలంతురు. మన 'గాలించు' అట్లు కాదు. బియ్యమును నీటిలో కదపి, రాళ్ళు అడుగున నిలుచునట్లు వేరుచేయుటయు గాలించుటయే. ఆ పనినుండియే వెదకుట యను అర్థము విస్తరించినది.

ఏటి ప్రవాహము వంతెన స్తంభముల మొదట మన్ను తొలిచివేయుటను గూడ ఇంజనీర్లు 'స్కౌర్' అందురు. ఇచ్చట తోముటయు గాలించుటయు పొసగవు, 'కోత' యనవలెను. 1957లో పూర్తియైన విజయవాడ ప్రకాశం బరాజునందు ఇసుకను, ఒండ్రును దిగువకు పారద్రోలు తూములు గలవు. వానికిని ఆంగ్లమున ఈ మాటయే చేరినది.

కావున విద్యార్థులారా, క్రొత్తమాట కనబడినపుడు ముందుగా వాక్యమంతయు చదువుడు. పిమ్మట నిఘంటువు తెరచి, ఆ వాక్యమునకు పొసగు అర్థమును ఎన్నుకొనుడు.