ప్రపంచ బ్యాంకు టెండర్లు: నూటికి 15 లెక్క

ప్రపంచ బ్యాంకు రుణంతో సాగే పథకాలకు పంపులు, పైపులు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి సరకుల కొనుగోలుకు అంతర్జాతీయ టెండర్లు పిలవడం కద్దు. విదేశీ కంపెనీ తక్కువ ధర వేసిందని తెలియగానే స్థానిక సరఫరాదారు ఆశ వదులుకోనక్కరలేదు. టెండరు పత్రంలో దేశీయ ప్రాధాన్యం నిబంధన ఉన్నదీ లేనిదీ ముందుగా చూసుకోవాలి. పత్రంలో లేకపోతే తర్వాత అడిగి ప్రయోజనం లేదు.

రవాణా, బీమా కలిపి, కస్టమ్స్ సుంకం విడిచి విదేశీ సరకు ధర రూ. 100 లక్షలు, పన్నులు విడిచి దేశీయ సరకు ధర రూ. 112 లక్షలు అనుకుందాం. పోల్చేటప్పుడు విదేశీ ధరకు నూటికి 15 కలుపుతారు. అది రూ. 115 లక్షలవుతుంది. తక్కిన అర్హతలన్నీ సరిపోతే ఆర్డరు దేశీయ సరకుకే. చెల్లింపు మాత్రం వేసిన ధర ప్రకారమే. కలిపిన 15 లక్షలు కాగితం మీది లెక్క.

వర్తకులు పొరబడే చోటు ఒకటున్నది. హైదరాబాదులోనో విజయవాడలోనో బిల్లు చేసినంత మాత్రాన సరకు దేశీయం కాదు. ఫ్యాక్టరీ ధరలో నూటికి 30కి మించి స్వదేశీ కూలి, ముడిసరకు, విడిభాగాలు ఉండాలి. టెండరు వేసే నాటికే ఆ ఫ్యాక్టరీ నడుస్తూ ఉండాలి. దిగుమతి చేసి గోదాములో పెట్టుకున్న సరకును విదేశీ సరకు కిందనే లెక్కిస్తారు. 2016 జూలైలో అమలుకు వచ్చిన బ్యాంకు కొనుగోలు నిబంధనలు కూడా ఈ పద్ధతినే ఉంచాయి.

అడిగిన ధరావతు జతపరచని టెండరుకు ఈ లెక్కలేవీ వర్తించవు, ధరలు పోల్చకముందే తోసిపుచ్చుతారు. గడువు దాటి వచ్చిన కవరునైతే విప్పకుండానే తిప్పి పంపుతారు.