రంగు బరువెంత?

సైకిలుకు వేసిన రంగు ఎంత బరువుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? రంగుకు బరువేమిటని నవ్వకండి. 1981లో అమెరికావారు అంతరిక్షంలోకి పంపిన షటిల్ నౌకకు ఆనించి ఒక పెద్ద ఇంధనపు తొట్టి ఉండేది. మొదటి రెండు ప్రయాణాలకు దానికి తెల్లరంగు పూశారు. 1982లో మూడో ప్రయాణం నుంచి ఆ రంగు మానేశారు. తొట్టి తన సహజమైన నారింజ రంగులోనే ఎగిరింది. ఆ ఒక్క పనివల్ల తగ్గిన బరువు సుమారు 270 కిలోలు!

ఇలాంటి ఆలోచనే సైకిలు పందేల అభిమానులకూ వచ్చింది. పాలవాళ్ళు తొక్కే నల్లని ఉక్కు సైకిలు 20 కిలోల దాకా తూగుతుంది. కార్బన్ పోగులతో చేసిన పందెపు సైకిలు 7 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కొందరు ఔత్సాహికులు 3 కిలోలకు లోపే తూగే సైకిళ్ళు కూడా కూర్చి చూపించారు. అయితే 2000 నుంచి అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 6.8 కిలోల కంటె తేలికైన సైకిలును తన పందేలలోకి రానివ్వడం లేదు. పందెంతో పనిలేని వాళ్ళకు ఈ హద్దు లేదు. వాళ్ళు చక్రాలు మారుస్తారు, సీటు మారుస్తారు, ఇనుప మరల స్థానంలో టైటానియం మరలు బిగిస్తారు. మార్చడానికి ఇక ఏమీ మిగలనప్పుడు కన్ను రంగు మీద పడుతుంది.

ఆ రంగు గీకేయవచ్చా? జవాబు చెప్పాలంటే ముందు రంగు కింద ఏముందో తెలియాలి.

బొగ్గు పోగు కథ

కార్బన్ అంటే మన బొగ్గే. దాన్ని పోగుగా మార్చడం కొత్త సంగతి కాదు. 1879లో ఎడిసన్ తన విద్యుద్దీపంలో వెలిగించినది మాడ్చిన నూలుదారం. తరువాత ఆయన వెదురు పీచును మాడ్చి వాడాడు. ఆ పోగులు వెలగడానికి పనికొచ్చాయి గాని, బరువు మోయడానికి కాదు. ముట్టుకుంటే విరిగేవి.

బలమైన పోగు కోసం 1960ల దాకా ఆగవలసి వచ్చింది. జపానులో అకియో షిండో, ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విలియం వాట్, ఆయన సహచరులు ఇందుకు దారి వేశారు. వాళ్ళు ఎంచుకున్న ముడిసరుకు ఏమిటో తెలుసా? స్వెట్టర్లు అల్లే అక్రిలిక్ ఉన్నికి దగ్గర చుట్టం. ఆ పోగును బిగలాగి పట్టుకుని గాలిలో 200 నుంచి 300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ తరువాత ఆక్సిజన్ లేకుండా, నైట్రోజన్ వాయువులో 1000 డిగ్రీలు దాటిన వేడికి గురిచేస్తారు. హైడ్రోజన్, నైట్రోజన్ వంటివి వెళ్ళిపోయి దాదాపు కార్బన్ మాత్రమే మిగులుతుంది. పోగు మందం మీ తలవెంట్రుకలో సుమారు పదో వంతు.

పెన్సిలు ములుకులో ఉన్న గ్రాఫైటూ కార్బనే కదా, అది రాస్తుంటే అరిగిపోతుంది, ఇది ఎందుకు అరగదని మీరు అడగవచ్చు. రెండింటిలోనూ కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లాగా ఆరు మూలల పలకలుగా అమరి ఉంటాయి. గ్రాఫైటులో ఆ పలకలు ఒకదానిపై ఒకటి జారిపోతాయి. పోగులో అవి నలిగి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని, పోగు పొడవునా పరుచుకుని ఉంటాయి. అంచేత పొడవు వెంట లాగితే తెగడం చాలా కష్టం.

ఇక్కడ లోహాల గురించి ఒక తమాషా సంగతి చెప్పాలి. వంచితే వంగకుండా, లాగితే సాగకుండా నిలిచే గుణాన్ని దృఢత్వం అంటారు. ఉక్కు అల్యూమినియం కంటె దాదాపు 3 రెట్లు దృఢమైనది. బరువూ దాదాపు 3 రెట్లే! టైటానియం రెండింటికీ మధ్యలో ఉంటుంది, బరువులోనూ దృఢత్వంలోనూ. అంటే కిలోకు ఎంత దృఢత్వం వస్తుందని లెక్క కడితే ఈ మూడు లోహాలూ ఇంచుమించు సమానమే. కార్బన్ పోగులను జిగురుతో అతికించి, అన్నిటినీ ఒకే దిక్కుకు పరిస్తే ఆ లెక్క 3 రెట్లకు పైగా పెరుగుతుంది. కాని పోగులను అన్ని దిక్కులకూ సమానంగా పరిచారో, ఆ లాభం చాలావరకు పోయి మళ్ళీ లోహాల దగ్గరికే దిగివస్తుంది.

వెదురుబొంగును తలచుకోండి. నిలువునా కత్తి పెట్టి కొడితే చీలిపోతుంది. అడ్డంగా విరవాలంటే చేతులు నొప్పెట్టాలి. కార్బన్ గొట్టమూ అంతే. ఏ దిక్కున బలం కావాలో ఆ దిక్కున పోగు పరచడంలోనే ఉంది తయారుచేసేవాడి తెలివంతా.

ఫ్రేము కట్టడం

ముందుగా ఎపాక్సీ రెజిన్ అనే జిగురులో తడిపిన పోగుల గుడ్డను తయారుచేస్తారు. జిగురు ముందే గట్టిపడకుండా దాన్ని అతిశీతల పెట్టెలో దాస్తారు. వాడేటప్పుడు ముక్కలుగా కత్తిరించి, అచ్చులో ఒకదానిపై ఒకటి పరుస్తారు. తొక్కుతున్నప్పుడు ఫ్రేము మెలితిరగకుండా కొన్ని పొరలు 45 డిగ్రీల వాలులో, వంగకుండా కొన్ని గొట్టం పొడవునా, గొట్టం నలగకుండా కొన్ని అడ్డంగా. ఒక్క ఫ్రేముకు కొన్ని వందల ముక్కలు పట్టవచ్చు. ఇదంతా చేతిపనే. తరువాత లోపల ఒక గాలితిత్తిని ఉబ్బించి పొరలను అచ్చుకు అదిమి, 120 డిగ్రీలకు పైన కాలుస్తారు. జిగురు గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగదు.

1986లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ తొక్కిన ఫ్రేములో కార్బన్ గొట్టాలను అల్యూమినియం కీళ్ళలో అతికించారు. ఇప్పుడు కీళ్ళూ కార్బనే. మేలైన ఫ్రేములు 700 గ్రాముల లోపు దిగాయి.

ఇంత తేలిక ఎలా వచ్చింది? గొట్టం గోడను పలుచన చేయడం వల్ల. చాలాచోట్ల గోడ మందం 1 మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఒక్కొక్క పొర 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లు. అంటే మొత్తం ఏడు నుంచి పది పొరలు.

గీకేటప్పుడు ఏమవుతుంది?

ఇప్పుడు రంగు మందం చూడండి. అడుగుపూత, రంగుపూత, పైన మెరుపుపూత, అన్నీ కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు. అంటే రంగూ, కార్బన్ పొరా దాదాపు ఒకే మందం! రంగు తీస్తున్న చెయ్యి అంతే లోతు ఇంకొకసారి దిగితే ఒక పూర్తి పొర ఎగిరిపోతుంది. అదీ బయటి పొర. వంపును అడ్డుకోవడంలో ఎక్కువ భారం మోసేది బయటి పొరలే.

ఉక్కు సైకిలుకు రంగు తీయడం సులువు. రంగును కరిగించే ద్రవం పూసి గీకేయవచ్చు, మంట చూపవచ్చు, ఇసుకను జోరుగా కొట్టవచ్చు. కార్బన్ ఫ్రేముకు ఈ మూడూ శత్రువులే. రంగులోని పదార్థమూ, ఎపాక్సీ జిగురూ రెండూ పొడవాటి అణువుల అల్లికలే. రంగును మెత్తబరిచే ఘాటు ద్రవానికి వాటి మధ్య తేడా తెలియదు. మంట జిగురును మెత్తబరుస్తుంది, మాడుస్తుంది. ఇసుక పోగులను తెగ్గొడుతుంది. మిగిలింది ఒకటే దారి: వాటర్ పేపరును నీళ్ళలో ముంచి చేత్తో నెమ్మదిగా రుద్దడం. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు కనుక 400 నంబరుతో మొదలుపెట్టి పైకి వెళితే మేలు. గంటల తరబడి పని. యంత్రంతో రుద్దితే త్వరగా అవుతుంది, ఫ్రేము కూడా అంత త్వరగానే పాడవుతుంది.

రుద్దేవాడి కన్ను కారే నీటి మీద ఉండాలి. ఎర్రరంగైతే మొదట ఎర్రనీరు వస్తుంది. తరువాత అడుగుపూత తాలూకు తెల్లనో బూడిదరంగో నీరు. ఆపైన జిగురు పొర తగిలితే పాలిపోయిన నీరు. నీరు నల్లబడిందా, ఆగిపోవాలి. అది తెగిన పోగుల పొడి. (ఫ్రేముకు వేసిన రంగే నలుపైతే ఈ గుర్తు పనిచేయదు. నల్ల సైకిలుతో పెట్టుకోకపోవడమే నయం.) ఎండబెట్టి రుద్దితే ఈ పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే నీళ్ళు, ముక్కుకు మాస్కు, చేతికి తొడుగులు. ఇది పెద్దవాళ్ళు చేసే పని, మీరు చేసేది కాదు.

రంగు తీసి అలాగే వదిలేయకూడదు కూడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీని క్రమంగా పెళుసుబారుస్తాయి. కనుక ఆ కిరణాలను ఆపే పలుచని మెరుపుపూత మళ్ళీ వేయాలి.

ఉక్కు గొట్టం దెబ్బతింటే చాలావరకు ముందు వంగి మనకు చెబుతుంది. కార్బన్ వంగదు. లోపల పొరలు విడిపోయినా పైకి బాగానే కనిపించి, ఒకరోజు కొండ దిగుతుండగా పుటుక్కుమనవచ్చు.

ఇంతకీ మిగిలేదెంత? ఫ్రేము, ముందు ఫోర్కు కలిపి ఉపరితలం సుమారు 4000 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. రంగు మందం 0.01 సెంటీమీటరు. ఘనపరిమాణం 40 ఘనసెంటీమీటర్లు. ఎండిన రంగు సాంద్రత సుమారు 1.3 కనుక బరువు 52 గ్రాములు. కొత్తగా వేసిన మెరుపుపూత 12 గ్రాములనుకుంటే నికరంగా తగ్గింది 40 గ్రాములు.

ఫ్రాన్సులో ఆల్ప్ డ్యూయెజ్ అనే ప్రసిద్ధమైన ఎక్కుడుదారి ఉంది. 21 మలుపులు, సుమారు 1,100 మీటర్ల ఎత్తు. 40 గ్రాములను అంత ఎత్తుకు మోయడానికి కావలసిన పని 0.04 × 9.8 × 1100, అంటే సుమారు 430 జౌళ్ళు. 300 వాట్ల సామర్థ్యంతో తొక్కేవాడికి ఇది ఒకటిన్నర సెకను లోపు పని. మన శరీరం తిన్న శక్తిలో నాలుగో వంతునే పెడలు దాకా చేరుస్తుందనుకున్నా, దీనికి వేరుశనగ గింజలో ఆరో వంతు చాలు.

మీ ఇంటి సైకిలు రంగును కూడా తూచి చూడండి, గీకకుండానే! ఒక దారాన్ని గొట్టం చుట్టూ చుట్టి చుట్టుకొలత తీసుకోండి. దాన్ని గొట్టం పొడవుతో గుణించండి. అన్ని గొట్టాలకూ ఇలా చేసి కూడండి. వచ్చిన మొత్తాన్ని 0.01తోనూ, 1.3తోనూ గుణిస్తే గ్రాములు వస్తాయి. ఉక్కు గొట్టాలు సన్నం కాబట్టి మీ జవాబు 52 కంటె తక్కువ రావచ్చు. మడ్‌గార్డులకు లోపలా బయటా రంగు ఉంటుంది, వాటినీ చైనుకవరునూ కలిపాక ఎంతవుతుందో వేరుగా రాసుకోండి.