చెప్పడం కూడా మేస్త్రీ పనే

నాకిప్పుడు 66 ఏళ్లు. 18వ ఏట పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చి లేబర్ అడ్డా మీద నిలబడ్డాను. ఇసుక జల్లెడ పట్టాను, తట్టలు మోశాను, సెంట్రింగ్ హెల్పర్‌నయ్యాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు సెంట్రింగ్ మేస్త్రీగా ఒక ముఠాను నడిపాను. మోకాళ్లు మొరాయించాక పని మానేశాను. అయినా పొద్దుగూకితే మా బస్తీలో పనులకు పోయివచ్చే పిల్లలు నా అరుగు మీద చేరతారు.

మొన్న వాళ్లలో ఒక పిల్లగాడు తల వంచుకుని అడిగాడు: "పెద్దనాయినా, పరంజా ఊగుతున్నదని సారుకు చెప్పిన. రేపటి సంది పనికి రావద్దన్నరు. చెప్పి తప్పు చేసిన్నా?"

"తప్పు కాదు బిడ్డా" అన్నాను. కానీ వాడికి ఆ ఒక్క మాట చాలదు. పోయిన కూలి పోయింది, ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. ఎందుకు చెప్పాలో, ఎలా చెప్పాలో, చెప్పినందుకు పడే దెబ్బను ఎలా కాచుకోవాలో కూడా పెద్దవాళ్లం చెప్పాలి. నేను పనిలో నేర్చుకున్నవి, ఆలస్యంగా నేర్చుకున్నవి, ఇక్కడ రాస్తున్నాను.

1. మింగిన మాట బరువు దిగదు

1991లో ఒక ఇంటి పని. ముందు పోర్టికో, గోడ నుంచి స్తంభాల దాకా 16 అడుగులు. స్లాబ్ పోసిన ఎనిమిదో రోజు కాంట్రాక్టర్ వచ్చి, ఇంకో సైటుకు సామాను కావాలి, కింద కట్టెలు విప్పమన్నాడు. నాకు పని నేర్పిన మేస్త్రీ అంత వెడల్పు స్లాబ్‌కు రెండు వారాలు ఆగాలనేవాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజు శనివారం, సాయంత్రం బట్వాడా. మా పదకొండు మంది కూలి ఆయన చేతిలో ఉంది. నోరు మూసుకున్నాను.

కింద సర్వి కట్టెలు లాగుతున్న కుర్రాడికి 19 ఏళ్లు. నాలుగో కట్టె తీయగానే పైనుంచి సన్నగా పొడి రాలింది. వాడు తలెత్తి చూశాడు. "బయటికి రా" అని నేను అరిచేలోపే స్లాబ్ దిగిపోయింది. ప్రాణం దక్కింది, కుడికాలు మోకాలి కింద పోయింది. ఇప్పుడు వాడు టీ బండి నడుపుకుంటున్నాడు. నేను వెళితే డబ్బులు తీసుకోడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను.

2. ప్రమాదం ముందుగా తెలిసేది మన చేతికే

ఇంజినీర్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తాడు. ఆయన దగ్గర డ్రాయింగ్ ఉంటుంది. ఇంటివారి దగ్గర డబ్బుంటుంది. కానీ జాకీ కాలు కొత్తగా నింపిన మట్టి మీద, పగిలిన ఇటుక మీద నిలబడిందని ఎవరికి తెలుస్తుంది? దాన్ని నిలబెట్టినవాడికి. పరంజా తాడు ఎక్కడ పీచు లేచిందో కట్టినవాడి వేళ్లకు తెలుస్తుంది. కట్టింగ్ మిషన్ వైరు ఎక్కడ తెగితే టేపు చుట్టారో పట్టుకున్నవాడికి తెలుస్తుంది.

తెలిసినవాడు చెప్పకపోతే, తెలియనివాడు పని నడిపిస్తూనే ఉంటాడు. అందుకే చెప్పడాన్ని నేను ధైర్యం అనను, ఎదురుతిరగడం అసలే అనను. గోడ వంకర పోతే తూకం గుండు వేసి సరిచేస్తాం. పని వంకర పోతే మాటతో సరిచేయాలి. ఆ మాట రానివాడికి పని సగమే వచ్చినట్టు.

3. లెక్కతో చెప్పు

"నాకు భయమైతుంది సార్" అంటే, "నీకన్నిటికీ భయమే" అని కొట్టిపారేస్తారు. లెక్క చెబితే అంత తేలిగ్గా తోసేయలేరు. కాంక్రీటు పనికి మన దేశంలో ప్రామాణికం ఐఎస్ 456. మామూలు సిమెంటు వాడినప్పుడు స్లాబ్ కింది జాకీలు 4.5 మీటర్ల లోపు వెడల్పుకు 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉంచాలని అందులో ఉంది. బీముల కింద 6 మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21. పీపీసీ సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకా ఆగాలి.

మా పోర్టికో 16 అడుగులంటే 4.5 మీటర్లు దాటినట్టే. మా మేస్త్రీ చెప్పిన రెండు వారాలు, పుస్తకంలోని 14 రోజులు ఒకటేనని నాకు చాలా ఏళ్ల తర్వాత ఒక కుర్ర ఇంజినీర్ చూపించాడు. విప్పే వరస కూడా గుర్తుంచుకోండి. రెండు వైపులా ఆనిన స్లాబ్‌కు నడుమ నుంచి గోడల వైపు విప్పాలి. సన్‌షేడ్ లాంటి వాటికి బయటి అంచు నుంచి గోడ వైపు విప్పాలి. ఈ నాలుగు ముక్కలు నోటికి వచ్చినవాడి మాటకు సైటు మీద విలువుంటుంది.

4. ముందు చెయ్యి ఆపు, ఆపైన మాట్లాడు

కొన్ని ప్రమాదాలు మనం చెప్పి ఒప్పించేదాకా ఆగవు. ఇంటి పక్కనుంచి పోయే 11 కేవీ కరెంటు లైను అలాంటిదే. భవనానికీ ఆ లైనుకూ పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్ల దూరం ఉండాలి. మన గల్లీల్లో ఆ దూరం ఎన్నిచోట్ల ఉందో మీకు తెలుసు. ఇనుప చువ్వ 12 మీటర్ల పొడుగు. పైకి లాగేటప్పుడు కింది చివర జానెడు కదిలితే పై చివర ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఒకసారి రెండో అంతస్తుకు చువ్వలు అందిస్తుంటే కొస లైను వైపు ఊగింది. "ఆపుండ్రి" అని అరిచి, చువ్వలు నేల మీద పెట్టించాను. ఇంటాయన అరిచాడు, స్లాబ్ రేపే అన్నాడు. "కరెంటు ఆఫీసుకు పోయి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకోండి, లైను బందు చేసినంకనే లేపుతం" అన్నాను. లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు పదిమందిమి ఊరికే కూర్చున్నాం. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో ఆ కూర్చోవడం ఒకటి.

5. గుంతలోకి దిగకముందే చెప్పాలి

కొత్త సంపు చూస్తే ఎవరికీ భయం వేయదు. మురికి లేదు, వాసన లేదు. కానీ స్లాబ్ వేసి, మూత పెట్టి, రెండు మూడు వారాలు వదిలేస్తే లోపల తడిసిన చెక్క కుళ్లుతూ గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. మామూలు గాలిలో అది దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే మనిషి దిగకూడదు. బాగా తగ్గితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. సెంట్రింగ్ విప్పడానికి దిగినవాడు కుప్పకూలతాడు. పైనున్న తమ్ముడో బావమరిదో "ఏమైందిరా" అంటూ దూకుతాడు. అలా ఒకే సంపులో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నిసార్లు చదివామో.

అందుకే దిగకముందే చెప్పండి: "మూత తీసి ఒక దినం ఉంచుండ్రి. బ్లోయర్‌తో గాలి కొట్టుండ్రి. నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉంటేనే దిగుత." పడినవాడిని తాడుతో పైకి లాగాలి. వెనకే దూకకూడదు. మురుగు ట్యాంకైతే ఆ మాట కూడా లేదు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా దాన్ని మనిషితో చేతులతో శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. యంత్రం తెప్పించమనండి.

6. గొంతు చిన్నదని మాటను చిన్నచేయకు

ఒక పునాది పనిలో మట్టి మోసే చెల్లె ఒకామె నా దగ్గరికొచ్చి, "అన్నా, ఒడ్డు మీద నెర్రె కనవడుతున్నది. పొద్దుగాల లేకుండె" అంది. కందకం ఏడడుగుల లోతు. తవ్విన మట్టంతా అంచు మీదే పోశారు. పని గబగబా సాగుతోంది, ఆమె కూలిమనిషి, నేను మేస్త్రీని. ఒక్క క్షణం విసుక్కోబోయాను. పోర్టికో గుర్తొచ్చింది. లోపలున్న నలుగురినీ పైకి పిలిచాను. మధ్యాహ్నం బువ్వ తింటుండగా ఆ ఒడ్డు విరిగి పడింది.

ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుల పైమాటే. దాని కింద పడినవాడిని చేతులతో తీయలేం. అయిదడుగులు దాటిన కందకానికి పక్కల దన్ను పెట్టాలి, తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలి. ఈ రెండూ ఆ రోజు లేవని చదువుకున్నవాళ్లెవరూ చెప్పలేదు, ఆమె చెప్పింది. ఇవాళ సైట్ల మీద ఒడిశా, బిహార్, జార్ఖండ్ పిల్లలే ఎక్కువ. వాళ్లకు మన భాష రాదు, ఊళ్లో అప్పు ఉంటుంది, నోరు తెరవరు. వాళ్ల తరఫున మీరు చెప్పండి. "రుకో" అనే ఒక్క మాట చాలు.

7. నోటిమాటకు సాక్ష్యం పెట్టు

2025 జూన్ 30న హైదరాబాద్ దగ్గరి పాశమైలారంలో మందుల తయారీకి సరుకు చేసే కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి ఎన్నోసార్లు యాజమాన్యానికి చెప్పినా పట్టించుకోలేదని, చనిపోయిన ఒక కార్మికుడి కొడుకు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అది చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనిషి పోయాక ఆయన మాటను కొడుకు మోయాల్సి వచ్చింది.

ఇవాళ ప్రతివాడి జేబులో ఫోనుంది. ఊగే పరంజాను ఫొటో తీసి, తేదీతో సహా సూపర్‌వైజర్‌కు, ఇంజినీర్‌కు వాట్సాప్‌లో పంపండి. తిట్టొద్దు, బెదిరించొద్దు. "మూడో అంతస్తు పరంజా కట్లు వదులైనయి, సరిచేసినంక ఎక్కుతం" అంటే చాలు. చట్టం కూడా మన వైపే ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ప్రమాదం కనిపిస్తే యజమానికి తెలపడం కార్మికుడి విధి. ప్రాణాపాయం ముంచుకొస్తోందనిపిస్తే యజమానికి, అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పడం అతని హక్కు. పదిమంది లోపు చేసే చిన్న పనులకు ఆ కోడ్ వర్తించదు. అక్కడ మన మాట తప్ప వేరే కాపలా లేదు.

8. ఒంటరిగా చెప్పకు, చెప్పినవాణ్ని ఒంటరిగా వదలకు

చెబితే పని పోవచ్చు. నాకూ పోయింది, రెండుసార్లు. ఒకసారి పదిహేను రోజులు అడ్డా మీద నిలబడినా ఎవరూ పిలవలేదు. నా భార్య చేతి గాజు కుదువపెట్టి ఇల్లు నడిపింది. ఇది దాచిపెట్టి మీకు నీతులు చెబితే అది మోసమవుతుంది.

ఆ తర్వాత మా ముఠాలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రమాదం ఎవరు చూసినా ముందు ముఠాకు చెప్పాలి, అందరం కలిసి సారు దగ్గరికి పోవాలి. ఒకణ్ని తీసేస్తే అందరం సామాను సర్దుకోవాలి. పదిమంది సెంట్రింగ్ వాళ్లు ఒకేసారి వెళ్లిపోతే రేపటి స్లాబ్ ఎవరు పోస్తారు? ఆ కట్టుబాటు పెట్టుకున్నాక మా ముఠాలో చెప్పినందుకు ఎవరికీ కూలి పోలేదు. ముఠా లేనివాళ్లు సంఘంలో చేరండి. భవన నిర్మాణ కార్మికుల కార్డు తీసుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపువారై, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు అర్హులు. ఆ కార్డు వెనకున్న సంక్షేమ నిధి కట్టడాల ఖర్చు మీద వసూలుచేసే ఒక శాతం సెస్సుతో నడుస్తుంది. దయాధర్మం కాదు, మన చెమటకు కట్టిన సొమ్ము.

ఇళ్లు కట్టించుకునేవారికి, ఇంజినీర్లకు కూడా ఒక విన్నపం. మీ సైటు మీద కూలిమనిషి "సార్, ఇది సరిగ్గ లేదు" అంటే, అతను ఆ మాట అనడానికి ఆ రోజు కూలిని పణంగా పెట్టాడని గుర్తుంచుకోండి. పని ఆపి, వెళ్లి చూడండి. అతను పొరబడి ఉంటే మీకు పోయేది పావుగంట.

మా అరుగు మీది పిల్లగాడిని మరుసటి పొద్దున నా పాత ముఠాకు అప్పజెప్పాను. ఇప్పుడు వాళ్లతోనే పనికి పోతున్నాడు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు పని మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు నిలబడి కింద, పైన, పక్కన చూడండి. సరిగ్గా లేనిది కనబడితే అప్పుడే చెప్పండి. సాయంత్రం బట్వాడా ఉన్నా సరే, చెప్పండి.